వేళ్ళు తడుపుకునే కుర్రాడు

ఓలింజర్ నా ఇంటికి రావాలి. పుస్తకం తనే మోసుకుని రావాలి. ఆగస్టు ఆఖరి మంగళవారం నుంచి నేను కోరుకున్నది ఇదొక్కటే.

మాది అమెరికన్ ఫుట్‌బాల్. మా ఆటలో తలుపు తట్టడం చాలా పెద్ద విషయం. సీజను మొదలయ్యే ముందు జట్టులో ఎక్కువైనవాళ్ళని తీసేస్తారు. పొద్దున్నే ఒకడు ఫైలు పట్టుకుని గది తలుపు తట్టి, "కోచ్ రమ్మంటున్నాడు, పుస్తకం కూడా తెచ్చుకో" అంటాడు. పుస్తకమంటే జట్టు ఎత్తుగడలన్నీ రాసి ఉండే లావుపాటి ఫైలు. అది తెమ్మన్నారంటే అక్కడ మనకు నూకలు చెల్లినట్టే. పదకొండేళ్ళు శాండస్కీ జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే వెనక నిలబడి ఆట నడిపేవాడిగా, బంతి విసిరాను. రెండేళ్ళు మోకాలికి సూది మందు పొడిపించుకుని మరీ ఆడాను. ఆ మంగళవారం నా తలుపూ తట్టారు. పుస్తకం పట్టుకుని వెళ్తే కోచ్ ఓలింజర్ అద్దాల గదిలో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. నన్ను చూశాడు. తల దించుకుని మళ్ళీ కొరికాడు. ఫైలువాడే పుస్తకం పుచ్చుకుని నా చేత సంతకం పెట్టించాడు. ఇంటికెళ్ళే దారంతా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

నా చోట్లో ఓలింజర్ పెట్టుకున్నవాడు టేవిస్. ఇరవై రెండేళ్ళవాడు. చెయ్యి మంచిది, మనసు ఇంకా మంచిది. ఆ వేసవి శిక్షణలో వాడిది నా పక్క గదే. రోజూ ఆట అయ్యాక వచ్చి, "ఇంకేమైనా ఉందా అన్నా? ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు" అనేవాడు. తెలిసినవన్నీ చెప్పాను. ఒక్కటి తప్ప.

బంతి విసరబోయే ముందు టేవిస్ కుడిచేతి వేళ్ళు నాలుక మీద తడుపుకుంటాడు. విసరకుండా పరిగెత్తేవాడికి అందించాలనుకుంటే మాత్రం అదే చెయ్యిని నడుముకున్న తువ్వాలుకి తుడుచుకుంటాడు. ఆ సంగతి వాడికే తెలియదు. బంతి విసురుతాడా లేదా అని అవతలివాళ్ళకి ముందే తెలిసిపోతే ఇక ఆడేదేముంది? నేను కనిపెట్టిన రోజునే పాత ఆటల వీడియో చూసే గదిలో ఓలింజర్‌తో చెప్పాను.

"వాడి వేళ్ళ సంగతి నీకెందుకోయ్? నువ్వు నీ మోకాళ్ళ సంగతి చూసుకో" అన్నాడు. టేవిస్ లేడు గాని గదిలో ఇరవై మంది ఉన్నారు. ఇరవై మందీ నవ్వారు.

ఆ సాయంత్రం టేవిస్ మామూలుగానే వచ్చి, "ఇంకేమైనా ఉందా అన్నా?" అన్నాడు.

"ఏం లేదులే, పో" అన్నాను.

సెప్టెంబరు వచ్చింది. మా ఆటలో క్వార్టర్‌బ్యాక్‌లు విరిగే నెల అది. టీవీలో కోట్లు తొడుక్కున్నవాళ్ళు ఎండ అన్నారు, ప్లాస్టిక్ గడ్డి అన్నారు, బూట్లు అన్నారు. నన్నడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. దెబ్బ తగులుతుందేమోనని లెక్కలోకి రాని ఆగస్టు ఆటల్లో అసలువాళ్ళని కూర్చోబెడుతున్నారు. దాంతో క్వార్టర్‌బ్యాక్‌ని కాపలా కాయాల్సిన అయిదుగురికీ ఒకరి అడుగు ఒకరికి అలవాటవడం లేదు. అలవాటయ్యేసరికి నెల గడిచిపోతుంది. ఆ నెలంతా దెబ్బలు తినేది వెనకున్న వాడే. మూడు వారాల్లో దేశం మొత్తం మీద ఏడుగురు మంచాన పడ్డారు. శాండస్కీలో టేవిస్‌కి బదులుగా ఉంచుకున్న రెండో క్వార్టర్‌బ్యాక్ కూడా రెండో వారంలోనే భుజం విరగ్గొట్టుకున్నాడు. నేను చెర్రీ పళ్ళు కూరి కాల్చిన పై ముక్క తింటూ అదంతా హాయిగా చూశాను.

మూడో ఆట మర్నాడు ఫోర్ట్ వేన్ జట్టు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌కి పక్కటెముకలు విరిగాయట. నన్ను సాధన జట్టులో చేరమన్నారు. అంటే వారమంతా వాళ్ళతో సాధన చెయ్యాలి, ఆదివారం ఆడకుండా టోపీ పెట్టుకుని మైదానం గట్టున నిలబడాలి. వేరే జట్టు ఏదైనా అసలు జట్టులో చోటిస్తామంటే మాత్రం ఆపేవాళ్ళుండరు.

"వచ్చే ఆదివారం వాళ్ళ ఆట ఎవరితో?" అంది నా భార్య మార్లిస్.

"శాండస్కీతో."

"అదీ సంగతి! నీ చెయ్యి కోసం కాదు, నీ బుర్ర పిండుకోవడానికి పిలుస్తున్నారు."

"పిండుకోనీ. ఎండిపోయేదాకా పిండుకోనీ" అన్నాను.

ఫోర్ట్ వేన్‌లో రెండు రోజులు కూర్చోబెట్టి అడిగారు. శాండస్కీ వాళ్ళు మైదానంలో అరిచే గుర్తుమాటలన్నీ చెప్పాను. అవి పనికిరావని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. తీసేసిన మనిషి అవతలి జట్టులో చేరితే ఆ వారం మాటలు మార్చేస్తారు. అది అందరూ చేసే పనే. ఓలింజరూ చేశాడు. పళ్ళ పేర్లు తీసేసి పక్షుల పేర్లు పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మాటలు మార్చగలడు గాని కుర్రాడి చెయ్యి మార్చలేడు కదా. నేను చెప్పినది చెవిన పెట్టి ఉంటే అదీ మార్చేవాడు.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సియోనే పక్కన కూర్చున్నాను. ఫోర్ట్ వేన్‌లో అవతలి క్వార్టర్‌బ్యాక్‌ల మీద పడేవాడు అతనే. నూట ముప్ఫై కిలోల మనిషి. చర్చిలో పాటలు పాడతాడు.

"రేపు మాటలు వినకు. టేవిస్ కుడిచెయ్యి చూడు. వేళ్ళు తడిపితే విసురుతాడు. తువ్వాలు ముట్టుకుంటే విసరడు" అన్నాను.

సియోనే చెంచా పక్కన పెట్టాడు. "నిజంగానా?"

"పందెం కాయి."

"ఈ ముక్క మంగళవారమే ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"పది మందికి తెలిస్తే ఒకడు నోరు జారుతాడు. అందుకు."

అది అబద్ధం. అయిదు రోజులు ఆ ముక్కని నాలుక కింద పెట్టుకుని చప్పరించాలనిపించింది, అంతే. ఓలింజర్‌ని లక్ష మంది ముందు మూడు చెరువుల నీళ్ళు తాగించబోతున్నానన్న ఆనందంలో ఆ రాత్రి పసిపిల్లాడిలా నిద్రపోయాను.

ఆదివారం ఆటకి ముందు టేవిస్ నన్ను చూసి మైదానం ఈ చివరికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా!" అంటూ వాటేసుకున్నాడు. "ఆ టోపీ అస్సలు బాలేదు. మా ఇంటికి వచ్చెయ్, మంచిది కొనిస్తా" అన్నాడు. వాడి వీపు తట్టాను. ఆ సమయంలో కూడా నా కళ్ళు వాడి భుజం మీంచి ఓలింజర్ ఎక్కడున్నాడా అని వెతుకుతూనే ఉన్నాయి.

ఆట మొదలైన అయిదో నిమిషంలో టేవిస్ వేళ్ళు తడుపుకున్నాడు. బంతి వాడి చేతిలో పడేలోపే సియోనే కదిలాడు. వాణ్ణి పడగొట్టాడు. ఓలింజర్ చెవులకున్న యంత్రం పీకి కాపలావాళ్ళ మీద అరిచాడు. ఇంకోసారి వేళ్ళు, ఇంకోసారి సియోనే. విరామానికల్లా నాలుగుసార్లు పడ్డాడు. ఓలింజర్ మెడ కందగడ్డలా ఎర్రబడింది. నేను గట్టున నిలబడి నవ్వుతున్నాను. టీవీలో కనబడుతుందని తెలిసి కూడా నవ్వుతున్నాను.

ఆఖరి పావుగంటలో ఆరోసారి. అది నేను చూడలేదు. టేవిస్ వేళ్ళు నోటి దగ్గరికి వెళ్ళడం చూడగానే నా చూపు ఓలింజర్ మొహం మీదికి తిప్పేసుకున్నాను, అది మాడిపోవడం చూద్దామని. మాడలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అప్పుడు మైదానం వైపు తిరిగాను. టేవిస్ మోకాలు వంగకూడని వైపుకి వంగి ఉంది. సియోనే పక్కనే మోకరిల్లి చేతులూపుతూ డాక్టరుని పిలుస్తున్నాడు.

సోమవారం ఓలింజర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఎనిమిది రింగుల దాకా ఎత్తలేదు.

"ఏమోయ్ రోలాండ్, ఆదివారం ఆట ఉంది. నా పుస్తకం తెలిసినవాడు భూమ్మీద నువ్వొక్కడివే. అసలు జట్టులో చోటిస్తా" అన్నాడు.

"అలాగా? అయితే మీరే రావాలి కోచ్. ఫోన్లో కుదరదు. వచ్చేటప్పుడు పుస్తకం కూడా తెచ్చుకోండి."

ఆ మాట ఎవరిదో అర్థం కాకుండా ఉండదు. "వస్తానయ్యా" అన్నాడు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తలుపు తట్టాడు. నేను వెంటనే తీయలేదు. కిటికీలోంచి చూశాను. గుమ్మంలో, వానజల్లులో, లావుపాటి ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. నిమిషమున్నర నిలబెట్టాను. నా బతుకులో అంత తియ్యటి నిమిషమున్నర ఇంకోటి లేదు.

"తిండి పెట్టకుండా ఎవర్నీ పంపను. కానీ వీడికి వేడి చేసి మాత్రం పెట్టను" అని గొణుగుతూ మార్లిస్ నిన్నటి చెర్రీ పై ముక్క చల్లగానే అతని ముందు పడేసింది. అతను అది కూడా తిన్నాడు.

"ఏం చేస్తాం చెప్పు. ఈ సెప్టెంబరు అందరికీ ఇంతే. ఎనిమిది మంది మంచాన పడ్డారు. మా ఖర్మ బాలేదు" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. "ఖర్మ కాదు కోచ్. వేళ్ళు."

"ఏ వేళ్ళు?"

"టేవిస్ వేళ్ళు. విసరబోయే ముందు తడుపుకుంటాడు. ఆగస్టులో చెప్పాను మీకు. నీ మోకాళ్ళ సంగతి చూసుకో అన్నారు. ఇరవై మందిలో."

అతను నిజంగానే ఆలోచించాడు. నుదురు చిట్లించి, పైకప్పు చూసి, తల అడ్డంగా ఊపాడు. "నేనన్నానా? నాకు గుర్తులేదయ్యా. రోజుకి వంద మందితో వంద మాటలు అంటుంటాను" అన్నాడు.

అతను నటించడం లేదు. అంతకాలం నేను నిద్రలో కూడా తలుచుకున్న మాట అతనికి తట్టనే లేదు. తల కొట్టేసినట్టయింది నాకు.

అప్పుడే నా ఫోన్ మోగింది. టేవిస్. వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

"ఎలా ఉందిరా?"

"ఆపరేషన్ గురువారమట. పడుకుని ఆట మొత్తం చూశాను, మళ్ళీ మళ్ళీ చూశాను" అన్నాడు. గొంతు మందు మీద ఉన్నట్టు మెల్లగా ఉంది. "సియోనే నా మొహం చూడట్లేదు అన్నా. బంతీ చూడట్లేదు. నా చెయ్యి చూస్తున్నాడు. నేను వేళ్ళు తడుపుకుంటానా?"

"ఆఁ."

"నువ్వే చెప్పావు కదూ అతనికి?"

"ఆఁ."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆగస్టు."

"ఆగస్టులో రోజూ అడిగాను కదా నిన్ను."

"కోచ్‌కి చెప్పానురా. వాడు నవ్వాడు. ఇరవై మందిలో నన్ను..."

"కోచ్‌కి చెప్పావు. నేను నీ పక్క గదిలో ఉన్నాను."

వాన చూరు మీంచి కారుతోంది.

"సరే రోలాండ్" అన్నాడు. వాడు నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "డాక్టరు తొమ్మిది నెలలన్నాడు. అప్పటికి నువ్వు ఏ జట్టులో ఉన్నా, ఏ జట్టులోనూ లేకపోయినా, నీ ఇల్లు నాకు తెలుసు. వస్తాను." పెట్టేశాడు.

లోపలికి వచ్చాను. ఓలింజర్ సంతకం పెట్టాల్సిన కాగితం, కలమూ వరసగా పేర్చి ఉంచాడు.

"ఎవరు?"

"టేవిస్."

"ఎలా ఉన్నాడట పాపం?"

"మీరు వెళ్ళి చూడలేదా?"

"తీరికేదయ్యా, ఆదివారం ఆట ఉంటే?"

కాగితం మడిచి ఫైల్లో పెట్టి, ఫైలు అతని ఒళ్ళోకి తోశాను. "పుస్తకం తీసుకుని బయల్దేరండి కోచ్."

"ఇంత దూరం రప్పించి ఇదేంటి?"

"రప్పించాలనే రప్పించాను. అయిపోయింది."

తిడతాడనుకున్నాను, బతిమాలతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. భుజాలెగరేసి, మార్లిస్‌కి థాంక్స్ చెప్పి, కారెక్కాడు. కారు ఇంకా మా వాకిట్లో ఉండగానే జాబితాలో తర్వాతివాడికి ఫోన్ చేస్తున్నాడు. అద్దంలోంచి నవ్వుతూ మాట్లాడటం కనబడింది.

"తీరిందా నీ కసి?" అంది మార్లిస్ నా వెనక నిలబడి.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు అనుకుంటూ ఒక్కో వేలూ మడుస్తున్నాను.

"ఏంటి లెక్కపెడుతున్నావు?"

"వాడొచ్చే నెల. జూన్ ఆఖరుకి వస్తాడు" అన్నాను. "తలుపు తడితే నువ్వు తీయకు. నేనే తీస్తాను. వాణ్ణి వానలో నిలబెట్టకూడదు."