జవాబు కోసం ఆగని డ్రైవర్

అక్క పనిచేసే బధిరుల పాఠశాలలో ఏడో తరగతి గది పెద్ద తెర మూడు వారాలుగా నల్లగా ఉంది. కంప్యూటరు బాగానే ఉంది, తెరా బాగానే ఉంది. రెంటినీ అగ్గిపెట్టెంత అడాప్టర్‌తో కలిపితే మాత్రం ఏమీ కనిపించదు. వినపడని పిల్లలకు పాఠమంతా ఆ తెర మీదే. కంప్యూటరును చివరిసారి అప్‌డేట్ చేసింది అక్క కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ నెపం ఆమె మీద పెట్టింది. అక్క బోర్డు మీద బొమ్మలు గీస్తూ నెట్టుకొచ్చింది. చేతులు పడిపోయాక తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడికి ఇది తెలిసిన పనే. కంప్యూటరు తెరతో మాట్లాడేందుకు వాడే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రామును అతను మరో నలుగురితో కలిసి చూసుకుంటాడు. అది అందరికీ తెరిచిపెట్టిన ప్రోగ్రాము. ఎవరైనా చదవచ్చు, మార్పు పంపవచ్చు. ఆ మార్పును చేర్చాలో వద్దో తేల్చేది మాత్రం ఈ ఐదుగురే. జీతం లేదు, తిట్లకు కొదవ లేదు.

పిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకు కూర్చుని గంటసేపు చూశాడు. నువ్వెవరివి, ఎంత బొమ్మ చూపగలవు అని డ్రైవర్ తెరను అడుగుతుంది. ఆ ప్రశ్నా దాని జవాబూ అడాప్టర్ గుండానే రావాలి. ఈ పాత అడాప్టర్ నింపాదిగా జవాబు మోసుకొచ్చేసరికి, అక్కడ తెరే లేదని తేల్చేసుకుని డ్రైవర్ తన దారి చూసుకుంటోంది. ఆగే సమయాన్ని పదో వంతుకు కుదించింది ఎవరా అని పాత మార్పులు తిరగేశాడు. కిందటేడు తనే. అక్క చేసిన అప్‌డేట్‌తో అది ఈ కంప్యూటరులోకి వచ్చింది. కంప్యూటర్లు చప్పున తెరుచుకుంటున్నాయని నలుగురూ మెచ్చుకున్న మార్పు అది.

ఆ పేజీని గబుక్కున మూసేశాడు.

"దొరికిందా?" అంది అక్క.

"ఇంకా చూడాలి," అన్నాడు, చూడ్డానికి ఏమీ లేకపోయినా.

అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ లోపలికి వచ్చింది. "అడాప్టరే పోయుంటుందండీ. అదే ఒక కాగితం మీద రాసిచ్చేయండి, కొత్తది తెప్పిస్తాను. మీ అక్కగారికీ మాట పడే బాధ తప్పుతుంది."

ఒక్క సంతకంతో వదిలిపోయే వ్యవహారం. ఆమె చాపిన కాగితాన్ని అతను పక్కకు జరిపాడు.

"అడాప్టర్ పోలేదు మేడం. మా అక్కా ఏమీ చేయలేదు. తప్పు డ్రైవర్లో ఉంది. అది చేసింది నేనే."

హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరే కానివ్వండి అని వెళ్ళిపోయింది.

ఆగే సమయాన్ని మళ్ళీ పెంచితే తెర వెలిగింది. పిల్లలు చేతులెత్తి వేళ్ళు ఆడించారు. అది వాళ్ళ చప్పట్లు. అతను మొహం కంప్యూటరు వైపు తిప్పుకున్నాడు.

ఆ మార్పును మిగతావాళ్ళకు పంపితే, ఐదుగురిలో పెద్దాయన, అందరూ తాత అని పిలిచే మనిషి, అడ్డం తిరిగాడు. "ఒక్క బడి కోసం అందరినీ నిలబెడతావా నాయనా?" అని రాశాడు. దాన్నీ కాదనలేం. రెండు రోజులు తల పట్టుకున్నాక, మొదటి ప్రశ్న తొందరగానే అడిగి, జవాబు రాకపోతేనే ఆగి మళ్ళీ అడిగేలా రాశాడు. మంచి అడాప్టర్లకు ఆలస్యం లేదు, నిదానపు వాటికి అన్యాయం లేదు. తాత ఒప్పుకున్నాడు. ఎందుకు మార్చావో కింద స్పష్టంగా రాయమన్నాడు. 'పాత అడాప్టర్లతో సరిచూడకుండా తొందరపడి తగ్గించింది నేనే' అని రాశాడు. వారం తిరక్కుండా, ఎక్కడెక్కడి వాళ్ళో ఇద్దరు తమ తెరలూ వెలిగాయని రాశారు.

అక్క మాత్రం బడిలో ఆ మాట విన్నాక నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు ఫోన్ చేసింది.

"ఆఫీసు గదిలో ప్రింటరు మొరాయిస్తోందిరా. దాంట్లో కూడా నువ్వే వేలు పెట్టావా?"

"లేదక్కా."

"అయితే వచ్చి చూడు," అని పెట్టేసింది.