రెండు వంకర వరుసలు

గోపన్‌పల్లిలో సరోజమ్మ ఇంటి మేడమీది గదిలో కిరాయికుండే నవ్యకి పొద్దున లేవగానే మూడు పనులు: పళ్ళు తోముకోవడం, ఉద్యోగాల మెయిల్ చూసుకోవడం, కిందికి ఉరికి సూదులు పట్టుకోవడం. మూడోదాని కోసం మొదటి రెండూ గబగబా అయిపోయేవి. ఊలు అల్లడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు, పిల్లకి పిచ్చి పట్టిందంటే పట్టింది!

"ఏంది పిల్లా, గిట్ల గుంజుతవ్? ఊలు నీకేం జేసింది? జర వదులుగ పట్టు," అనేది సరోజమ్మ.

నవ్య నాలుక బయటపెట్టి మరీ తన మొదటి మఫ్లర్ అల్లేది. ఇరవై కుట్లతో మొదలైన వరుస చివరికొచ్చేసరికి పద్దెనిమిదయ్యేది, ఒక్కోసారి ఇరవై మూడూ అయ్యేది. తప్పొస్తే విప్పాలి కదా. సరోజమ్మ సూదుల మీద అల్లింది ఏది విప్పినా, అల్లడానికి పట్టినంత సేపూ తిరిగొచ్చేసేది. ఎక్కడి మనుషులు అక్కడే ఉండేవాళ్ళు, గడియారాలూ సూర్యుడూ మాత్రం వెనక్కి పోయేవి. ఊరందరికీ అలవాటే.

"అమ్మాయ్, ఇవాళ మూడుసార్లు ఏడైందమ్మా! ఎన్ని కాఫీలని తాగను?" అని పక్కింటి సుబ్రహ్మణ్యంగారు గోడ మీంచి అరిచేవారు. కాకినాడ మనిషి, విసుక్కుంటూనే నాలుగోది కలుపుకునేవారు.

ఆ మాటకి సిగ్గేసి నవ్య ఓ దొంగపని మొదలుపెట్టింది. కుట్టు జారి చిల్లు పడితే విప్పకుండా, సరోజమ్మ కంటపడకుండా, గట్టిగా ముడేసేది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. సరోజమ్మ రోజూ దీక్షా శిబిరానికి పోయేది. ఆమె సంచిలో సగం అల్లిన శాలువా ఒకటుండేది, తెలంగాణ వచ్చిననాడు కప్పుకోవాలని మొదలుపెట్టింది. ఏడాదిగా ఒక్క వరుసా పెరగలేదు. సూది మీదున్న చివరి రెండు వరుసలూ ఆమె భర్త మొగిలివి. నాకూ నేర్పమని కూర్చుని, ముప్పావుగంట చెమటలు కక్కుతూ వంకరటింకరగా వేసి, ఆ నెలలోనే పోయాడు. వాటి మీద ఇంకో వరుస వేయడానికి ఆమెకి చెయ్యాడలేదు.

"మా రాష్ట్రం మాకొస్తే నువ్వు మీ కడపకు పోతవా?" అని నవ్యని ఉడికించేది.

"మఫ్లర్ అయ్యేదాకా యాడికీ పోను ఆంటీ."

"అయితే నూరేండ్లు ఈడనే ఉంటవ్!"

నవ్వేది గానీ నవ్యకి లోపల గుబులే. నెలాఖరుకి ఆఫీసులో కాంట్రాక్టు అయిపోతుంది, ఈలోగా ఇంకోటి దొరక్కపోతే ప్రొద్దుటూరు వెళ్ళిపోవడమే. అప్పుడొచ్చింది మెయిల్. గురువారం పదింటికి మాదాపూర్‌లో ఇంటర్వ్యూ! నవ్య మెట్ల మీదే గెంతులేసింది.

గురువారం ఆటోలూ బందే. మఫ్లర్ బ్యాగులో వేసుకుని ఎనిమిదింటికి నడక మొదలుపెట్టింది. ఎక్కడ చూసినా వంటావార్పు, నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, డప్పులు. "బువ్వ తిని పో చెల్లె!" అని ఆపేవాళ్ళు. చెప్పు తెగింది. గేటు చేరేసరికి పది నలభై.

"పది దాటినంక పంపొద్దన్నరమ్మా," అన్నాడు గార్డు.

"ఒక్క నిమిషం అన్నా!" అంటూ మఫ్లర్ తీసి దారం లాగింది. గార్డు తన వాచీ చూస్తూ నిలబడ్డాడు. పది ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది... ముడి! గోళ్ళతో గీకింది, పంటితో కొరికింది. ఊహూఁ. ఏడుపు గొంతుతో సరోజమ్మకి ఫోన్ చేసి, మఫ్లర్ విప్పబోతే రావట్లేదంది.

"ముడులేసినవా?"

"వేసినా ఆంటీ."

"ఎన్ని?"

"లెక్క లేదు ఆంటీ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఎంత టైం గావాలె?"

"నలభై నిమిషాలు." అనేశాక గానీ నవ్యకి తట్టలేదు. "వద్దు ఆంటీ! అవి అంకుల్ వేసిన వరుసలు..."

ఫోన్లో డప్పుల మధ్య సంచి తెరిచిన చప్పుడైంది.

"నోర్మూసుకొని లోపలికి పో," అంది సరోజమ్మ. "ఆయనుంటే ఆయనే విప్పుతుండె."

గార్డు వాచీలో ముల్లు గిర్రున వెనక్కి తిరిగి తొమ్మిది యాభై మూడు దగ్గర ఆగింది.

"పో బిడ్డా, ఇంకా పది గాలే." గేటు తీస్తూ గొణిగాడు, "నా డ్యూటీ పెరిగె."

సాయంత్రం తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నవ్య శిబిరంలోకి ఉరికింది. "వచ్చింది ఆంటీ, వచ్చింది!"

"తెలంగాణ వచ్చిందా?" అంటూ వెనక పడుకున్న పెద్దాయన దిగ్గున లేచాడు.

"గది గూడ వస్తది తాతా! ముందుగాల మా పిల్లకు నౌకరొచ్చింది!" అని సరోజమ్మ నవ్యని పట్టుకుని ఊపేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు చూసింది నవ్య, సరోజమ్మ ఒళ్ళో విప్పిన ఊలు. ఇంకా మెలికలు మెలికలుగానే ఉంది. ముక్కు ఎగబీలుస్తూ ఆ మెలికల్ని వేలితో తడిమింది.

"ఏడువకు," అని సరోజమ్మ సూదులు ఆమె చేతిలో పెట్టింది. "ఆయన ఏసిన కాడ రెండు వరుసలు నువ్వెయ్. ఆ పైన నేనందుకుంటా. ఏడాది ఆగిన, ఇగ ఆగ."

"బాగా వేస్తా ఆంటీ. ఒక్క తప్పూ రానీయను."

"బాగెందుకే? వంకరగనే ఎయ్." సరోజమ్మ కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగింది. "ముడి మాత్రం ఎయ్యకు."

నవ్య నాలుక బయటపెట్టి మొదటి కుట్టు వేసింది.