నాలుగో అంతస్తు గాజు తలుపు

నాలుగో రోజు కూడా అత్తయ్య బాత్రూం గడియ పెట్టుకోలేదు. మా అమ్మాయి చూసుకోకుండా తలుపు తోసి, కెవ్వుమని వెనక్కి వచ్చింది.

"ఇంక నావల్ల కాదు. నాన్నా, నానమ్మకి నువ్వే చెప్పు."

"చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది," అన్నారు మా ఆయన, ఇడ్లీ తుంచుకుంటూ. "అమ్మా, ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది. గడియ పెట్టుకుంటే నీ సొమ్మేం పోతుంది?"

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. "దగ్గుతూనే పోసుకుంటున్నాగా. దగ్గు వినపడితే రాకండి."

"నువ్వు పొద్దస్తమానం దగ్గుతూనే ఉంటావు నానమ్మా. స్నానం దగ్గేదో, మామూలు దగ్గేదో ఎలా తెలుస్తుంది?"

"అయితే పాట పాడతా."

"వద్దు వద్దు. దగ్గే నయం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గడియ గురించి ఇంకో మాట అంటే సోమవారం సంగతి బయటికి వస్తుందని ఆయన భయం. అదే అయింది.

"తాళం పడ్డ తలుపు వెనక ఒకసారి ఉన్నాను, చాలు," అన్నారు అత్తయ్య లోపల్నుంచే.

ఆయన టిఫిను సగంలో వదిలి వెళ్లిపోయారు.

మా ఆయన ఒక ఏడంతస్తుల ఆఫీసు భవనానికి మేనేజరు. లిఫ్టులు, కరెంటు, తాళాలు, కాపలావాళ్లు, ఊడ్చేవాళ్లు అందరూ ఆయన చేతికిందే. సోమవారం ఆయన కళ్లజోడు మర్చిపోతే అత్తయ్య ఇచ్చి రావడానికి వెళ్లారు. నాలుగో అంతస్తులో లిఫ్టు దిగారు. దిగిన చోటు మా వంటింటికి రెండింతలుంటుంది. రెండు లిఫ్టులు, అటూ ఇటూ గాజు తలుపులు, ఆ తలుపులకి కార్డు చూపిస్తేనే తెరుచుకునే తాళాలు. మెట్లు ఆ తలుపుల అవతల, ఆఫీసు లోపల ఉన్నాయి.

అక్కడ ఒకావిడ లిఫ్టు తలుపులు తుడుస్తోంది. భవనంలో అందరూ ఆవిడని చీపురక్క అంటారు. అప్పుడే అవతల ఆఫీసు మైక్రోవేవ్‌లో ఎవరిదో ప్లాస్టిక్ డబ్బా అంటుకుని అలారం మోగింది. అలారం మోగితే లిఫ్టులు కిందికి పోయి అక్కడే ఆగిపోతాయి. రెండూ పోయాయి. వీళ్లిద్దరూ గాజు తలుపుల మధ్య మిగిలారు. చీపురక్క కార్డు పొద్దున తొమ్మిది దాటితే పనిచేయదు. ఆఫీసు వేళల్లో ఊడ్చేవాళ్లు లోపల కనపడకూడదని అలా పెట్టించింది మా ఆయనే. తలుపు నెత్తిన మాత్రం పరిగెత్తే మనిషి బొమ్మ పచ్చగా వెలుగుతూనే ఉందట, ఇటే పొండి అన్నట్టు.

తలుపు పై సందులోంచి పొగ వచ్చింది. అవతల జనం మెట్లవైపు పోతున్నారు. ఒకతను గాజులోంచి వీళ్లని చూశాడు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, చేతిలో కాఫీ కప్పుతో సహా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అత్తయ్య తుడిచే బకెట్లో వాంతి చేసుకున్నారు. చీపురక్క తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, తాగే నీళ్లతో తడిపి, అత్తయ్య ముక్కుకి అడ్డంపెట్టి పట్టుకుంది. తనకి పెట్టుకోవడానికి ఇంకో గుడ్డ లేదు. కాపలా మనిషి పైకొచ్చి తలుపు తీసేసరికి పాతిక నిమిషాలు పట్టింది.

కింద కొడుకు తల్లితో అన్న మొదటి మాట, "ఎవరితోనూ ఏం మాట్లాడకు."

మర్నాడే చీపురక్కని పనిలోంచి తీసేశారు. చేతిలో కార్డు ఉండి కూడా తలుపు తీయలేదని. ఆవిడ నోరు మూసుకుని కూర్చోలేదు, వెళ్లి అగ్నిమాపక శాఖవాళ్లకి ఫిర్యాదు రాసిచ్చింది. శుక్రవారం పదింటికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

ఇంట్లో నాకు మాత్రమే తెలిసిన సంగతి ఇంకోటుంది. అలారం మోగగానే ఆ తాళాలు వాటంతటవే వదిలేయాలి. రెండేళ్ల క్రితం ఎవరో ఊరికే అలారం మోగించి, తలుపులు తెరుచుకున్నాక రెండు లాప్‌టాప్‌లు ఎత్తుకుపోయారు. అప్పట్నుంచి అలారానికీ తాళానికీ మధ్య తీగ తీయించేశారు మా ఆయన. మరి తనిఖీవాళ్ల ముందు ఏడాదికోసారి, నిప్పంటుకున్నట్టు అందరినీ బయటికి పంపి చూపించే కసరత్తు ఎలా గట్టెక్కింది? పొద్దున్నే గాజు తలుపు సందులో పూలకుండీ అడ్డం పెట్టించారు. తలుపు మూసుకోలేదు, మూడు నిమిషాల్లో అంతస్తు ఖాళీ, మెచ్చుకోలు కాగితం కూడా వచ్చింది. ఆ సాయంత్రం ఆయన అది చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. కుండీలో ఏం మొక్క అని కూడా అడిగాను.

ఈ నాలుగు రోజులుగా అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే రోతగా ఉంది.

గురువారం సాయంత్రం ఆయన ఒక టైపు చేసిన కాగితం తెచ్చారు. భోజనాల దగ్గర తల్లి కంచం పక్కన పెట్టి, "సంతకం చేస్తే చాలు, నువ్వు రానక్కర్లేదు," అన్నారు.

"చిన్నక్షరాలు. నువ్వు చదవవే," అన్నారు అత్తయ్య మనవరాలితో.

మా అమ్మాయి గడగడా మొదలుపెట్టింది. పోనుపోను గొంతు తగ్గింది. "'గాజు తలుపు తాళం వదిలే ఉంది. నేను తోయబోగా, శుభ్రం చేసే ఆమె కంగారుపడి నన్ను వెనక్కి లాగింది. అందువల్లనే ఆలస్యమైంది.'" కాగితం దించి అడిగింది, "నిన్ను లాగిందా నానమ్మా?"

"వయసు సరిగ్గా వేశాడు. మిగతాదంతా ఎవరో వేరే ముసలమ్మది," అన్నారు అత్తయ్య.

"అమ్మా, హాస్యాలొద్దు. దాని ఉద్యోగం ఎలాగూ పోయింది. పోయినదాని నెత్తిన ఇంకో మాట పడితే కొత్తగా పోయేదేముంది? ఇక్కడ నా ఉద్యోగం నిలబడుతుంది."

ముద్ద నములుతూనే అన్నారు ఆ మాట. నమిలి, మింగి, మజ్జిగ గిన్నె ఇటు తొయ్యమన్నారు. పద్దెనిమిదేళ్లుగా ఈ మనిషి ఎంగిలి కంచం ఎత్తుతున్నాను. ఏనాడూ ఏమీ అనిపించలేదు. ఆ పూట దాని అంచు తాకబుద్ధి కాలేదు.

"అయినా ఎంత పొగని అది? ఒక ప్లాస్టిక్ డబ్బా."

"ఇంకాస్త పెద్దదైతే నీ కాగితం మీద సంతకానికి నేను మిగిలేదాన్ని కాదురా."

"నేను నీ కొడుకుని. ఆవిడెవరు నీకు?"

అత్తయ్య చెయ్యి కడుక్కోకుండానే కూర్చున్నారు. "కొడుకువే. పాతిక నిమిషాలూ ఆ పిల్లకి అదే చెప్పా. ఈ తలుపు నా కొడుకుదే, వాడొచ్చి తీస్తాడు అని. ఊరుకోండి పెద్దమ్మా, మాట్లాడితే పొగ మింగుతారు అంది." కాగితం మడిచి ఆయన వైపు జరిపారు. "నేను వస్తా రేపు. జరిగింది జరిగినట్టు చెప్తా."

ఆయన మొహం కాసేపు ఎర్రబడింది. తర్వాత మెల్లగా తేటపడింది. లెక్క కుదిరిన మొహం అది, నేనెరుగుదును.

"సరే, చెప్పు. తలుపు తెరుచుకోలేదనే చెప్పు. ఆ ఒక్కరోజే తాళం మొరాయించిందని నేనంటా. యంత్రమన్నాక మొరాయించదా? చీపురక్క కంగారులో కార్డు సరిగ్గా పెట్టలేదంటా. అంతకుమించి ఎవరికి తెలుసు?"

"తొమ్మిది దాటితే తన కార్డు పనిచేయదని తనే చెప్పిందిరా."

"తను చెప్తే ఎవరు నమ్ముతారమ్మా?" అని నావైపు తిరిగారు. "ఏమంటావు? నువ్వైనా చెప్పు అమ్మకి."

మా అమ్మాయి కూడా నావైపే చూస్తోంది. నేను అన్నం గిన్నె మీద మూత పెట్టాను.

"అత్తయ్యతో నేనూ వస్తున్నాను," అన్నాను. "రెండేళ్ల క్రితం తీగ తీయించింది, కసరత్తు రోజున కుండీ అడ్డం పెట్టించింది, ఆవిడ కార్డు తొమ్మిదికి ఆగిపోయేలా పెట్టించింది, మీరు నాకు చెప్పినవన్నీ ఆ ఇన్‌స్పెక్టరుకి చెప్తాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"పొద్దున నీ టిఫిను నువ్వే పెట్టుకోవాలి," అన్నాను మా అమ్మాయితో. "మేం తొమ్మిదింటికల్లా బయల్దేరతాం."