ముద్ద దిగని రోజులు

భార్య సుబ్బరావమ్మ పోయాక యలమందకి ముద్ద దిగటం మానేసింది. నాలుగెకరాల్లో మిరప పండించే మనిషికి తన కాయ ఘాటు తనకే తెలియకుండా పోయింది. ఏడాదిలో పన్నెండు కిలోలు తగ్గాడు. గుంటూరులో గొంతులోంచి గొట్టం వేసి చూశారు, స్కానింగులు తీశారు. ఏ జబ్బూ లేదన్నారు. బలానికి రాసిన సీసాలు మాత్రం వంటింటి గూట్లో పేరుకుపోయాయి.

చివరికి చిలకలూరిపేటలో సమీరా అనే డాక్టరమ్మ దగ్గరికెళ్లాడు. ఆవిడ రిపోర్టులన్నీ ఓపిగ్గా చదివి పక్కన పెట్టింది.

"వంట ఎవరు చేస్తారండీ?"

"నేనే. పిల్లల్లేరు."

"ఎక్కడ కూర్చుని తింటారు?"

"కూర్చోనండీ. పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలోంచి తినేస్తా."

"నిన్న ఎవరితో మాట్లాడారు?"

పాలవాడు గుర్తొచ్చాడు. కానీ అది మొన్న.

ఆవిడ మందుల చీటీలో ఒక మాత్ర ఉంచి మిగతావి కొట్టేసింది. కింద తెలుగులో రాసింది: రోజూ ఒక పూట ఎవరితోనైనా కలిసి కూర్చుని తినాలి.

"ఇదీ మందేనండీ. నెల తర్వాత వచ్చి కనపడండి."

ఎవరితో? బస్సు దిగేదాకా అదే ఆలోచన.

మర్నాడు కల్లంలో కాయలేరే పని మొదలైంది. మధ్యాహ్నం కూలీలు బరకం పట్టా పందిరి కింద క్యారేజీలు విప్పారు. ముప్పై ఏళ్లుగా వాళ్ల తిండి అక్కడ, తనది షెడ్డులో; సుబ్బరావమ్మ పోయాక ఇంట్లో. యలమంద గిన్నె పట్టుకుని వెళ్లి నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి.

"ఏం కావాలండీ?" జక్రయ్య లేవబోయాడు.

"కూర్చోరా... కూర్చో జక్రయ్యా. నేనూ ఇక్కడే తింటా."

ఆయన ఓ చివర కూర్చోగానే అందరూ తలలొంచుకుని గబగబా తినసాగారు. దీనికన్నా ఇల్లే నయమనిపించింది. లేచిపోబోతుంటే జక్రయ్య భార్య పున్నమ్మ ఆయన గిన్నెలోకి చూసింది.

"వట్టి మజ్జిగన్నమేనా?" గోంగూర పచ్చడి డబ్బా మూత తీసి, ఆగింది. "మాది తింటారా?"

ఆయన గిన్నె చాపాడు. పులుపూ తెలియలేదు, కారమూ తెలియలేదు.

"సుబ్బరావమ్మ ఇందులో వెల్లుల్లి ఎక్కువేసేది," అన్నాడు. ఏడాదిగా ఆ పేరు పైకి అనలేదు.

"మాకు తెలవదాండీ? నూరినప్పుడల్లా మాకూ ఇంత తెచ్చిపెట్టేది."

ఆ సంగతి యలమందకి తెలియదు. భార్య ఏనాడూ చెప్పలేదు, తనూ అడగలేదు. గిన్నె ఖాళీ చేశాడు.

నెల తర్వాత బరువు చూస్తే కిలోన్నర పెరిగింది.

"రుచి తెలుస్తోందా?" అడిగింది డాక్టరమ్మ.

"ఇంకా లేదండీ. మధ్యాహ్నం కూలీలతో కూర్చునే తింటున్నా. రాత్రిళ్లు మాత్రం ఇప్పటికీ నిలబడే తింటున్నా."