డప్పులా కాచిన గిటారు

వరప్రసాదం గిటారు సంచి బల్ల మీద పెట్టేసరికి ప్రకాశం శ్రుతి కోసం హార్మోనియం రీడు గీకుతున్నాడు. తలెత్తలేదు. భార్య తమ్ముడు రేపల్లెలో బండెక్కి తెనాలిలో తన వాద్యాల రిపేరు కొట్టుకు రావడం, ఆమె చనిపోయాక ఇదే మొదలు.

"బావా, నెక్ వంగిపోయింది. తీగలు నొక్కుతుంటే వేళ్లు తెగుతున్నాయి. సాయంత్రం బాపట్లలో కచేరీ. మద్రాసు నుంచి సినిమా ఆర్కెస్ట్రా ఆయనొస్తున్నాడు. నచ్చితే తీసుకెళ్తాడు."

ప్రకాశం ఒక కన్ను మూసి తీగల కింది పొడుగాటి నెక్ వెంట చూశాడు. విల్లులా ముందుకు వంగింది. వెనక చెక్కంతా మసి.

"ఏం చేశావు?"

"ఉప్పుగాలికి మోత మందగించింది. గడ్డిమంట మీద కాస్త చూపించా."

"డప్పనుకున్నావా?"

"డప్పుకి పనికొచ్చింది దీనికి పనికిరాదేంటి బావా!"

నెక్ లోపల ఇనుప రాడ్డు ఉంటుంది. తీగలు ముందుకు లాగితే అది వెనక్కి లాగుతుంది. పాతకాలపు రకం కావడంతో దాన్ని స్క్రూడ్రైవర్‌తో బిగించే నట్టు నెక్ అడుగున దాగి ఉంది. నెక్ ఊడదీస్తే తప్ప అందదు. ప్రకాశం తీగలు వదులు చేసి, స్క్రూలు తీసి, నట్టు పావు చుట్టు తిప్పాడు. మళ్లీ బిగించి, శ్రుతి చేసి చూశాడు. చాలలేదు. మళ్లీ ఊడదీశాడు.

నిరుడు ఆస్పత్రిలో భార్య దేవకుమారికి రక్తం కావాలన్నారు. తమ్ముడిది సరిపోతుందన్నారు. రేపల్లెకు కబురు వెళ్లింది. వీడు ఇదే గిటారు భుజాన వేసుకుని పెళ్లి కచేరీకి పోయాడు. మర్నాడొచ్చి శవపేటిక పట్టుకుని ఏడ్చాడు. చుట్టాలందరూ వాణ్ణే ఓదార్చారు.

నట్టు బిర్రుగా ఆగింది. వంపు సగమే తీరింది.

"ఇంతే. ఇంకా తిప్పితే రాడ్డు తెగుద్ది. బరువు కట్టి వారం ఉంచాలి."

"కచేరీ సాయంత్రమంటుంటే వారమేంటి బావా! ఇంకొక్క చుట్టు. నీ కాళ్లు పట్టుకుంటా."

"చెప్పా గదా."

"నామీద కోపం నీకు. కావాలనే ఆపేశావు."

ప్రకాశం స్క్రూడ్రైవర్ వాడి వైపు జరిపాడు.

"అయితే నువ్వే తిప్పు."

వరప్రసాదం పళ్లు బిగించి తిప్పాడు. లోపల టక్కుమంది. ఆపైన నట్టు ఎటు తిప్పితే అటు ఒట్టినే తిరిగింది. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్క ఉంటే ఇట్టా చూస్తా ఊరుకునేవాడివా?"

"మీ అక్క ఉంటే నీ చేతికి ఇచ్చేవాణ్ణే కాదు."

వాడు నెక్‌నీ డొక్కనీ బల్ల మీదే వదిలి స్టేషన్ వైపు నడిచాడు. ప్రకాశం రీడు అందుకుని గీకబోతే గీత పక్కకు పోయింది. రీడు పాడైంది. దాన్ని అవతల పారేసి ఇంకోటి తీశాడు.