నలభై మూడో సీసా

లూదియాను పూడ్చిన మూడోనాడు జీపు వచ్చి పేట చర్చి ముందు ఆగింది. నర్సు దిగి, ఎప్పటిలాగే పట్టీ చూసి పిలిచింది.

"నలభై మూడు!"

వరుసలో ఎవరూ కదల్లేదు. జీవమ్మ ముందుకొచ్చింది.

"నలభై మూడు మన్నులో ఉండాది. నా చెల్లెలు. కాన్పులో పాయ. ఒంట్లో రగతమే లేదన్యారు నంద్యాల ఆస్పత్రిలో."

పరిశోధన కోసం నగరం నుంచి వచ్చే డాక్టర్ చక్రపాణి తలెత్తలేదు. పుస్తకంలో ఏదో కొట్టేసి, "సీసా ఉందా? మిగిలిన మాత్రలు లెక్క చూడాలి," అన్నాడు.

"దాంతోపాటే పూడ్చినాం సారూ."

సీసా జీవమ్మ రొండిన, చీర మడతలోనే ఉంది.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఆళ్లగడ్డ చుట్టూ మూడు పేటల్లో కడుపుతో ఉన్నవాళ్లనూ, బాలింతలనూ అరవై మందిని ఎంచుకున్నారు. రక్తం పట్టే మందని చెప్పి తలా ఒక అంకె వేసిన సీసా ఇచ్చారు. కాగితం మీద వేయించుకున్న వేలిముద్ర దేనికని అడిగితే పాలపొడికన్నారు.

పేటలో మరుగుదొడ్లు లేవు. తెల్లారేలోగా ఆడవాళ్లంతా కంపచెట్ల చాటుకు గుంపుగా పోతారు. అక్కడ ఎవరికీ దాపరికం లేదు. మాత్రలు మొదలైన వారానికి భారతమ్మ బెదిరిపోయింది.

"నల్లగా పోతాండాది మే!"

"బొగ్గులేమన్నా మింగినావా?" అని అందరూ నవ్వారు. ఇనుము మాత్ర గుణమే అంత అంది నర్సు. లూదియా మాత్రం, "నాకట్ల లేదక్కా," అంది. "నీది దొరల కడుపులేమ్మే," అని ఎగతాళి చేసింది జీవమ్మే.

జీపు వెళ్లిపోయాక జీవమ్మకు ఆ మాటే గుర్తొచ్చింది. మర్నాడు కంపచెట్ల దగ్గర ఒక్కొక్కరినే అడిగింది. సగం మందికి నలుపు. సగం మందికి లేదు.

"అంటే మనలో సగం మందికి ఉత్త సుద్ద పెట్న్యాడా వాడు?" అంది జీవమ్మ.



ఆ అనుమానం తేలకుండానే ఏడాది తిరిగాక బడి అయ్యవారు సంజీవయ్య నంద్యాల నుంచి, చక్రపాణి పరిశోధన తొలి ఫలితాలు అచ్చైన ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరినీ లేవనివ్వకుండా చదివి, తెలుగు చేసి చెప్పాడు.

"సగం మందికి మందు, సగం మందికి మందులేని మాత్ర. అంతా వివరంగా చెప్పి, అందరి సమ్మతీ తీసుకున్నామని రాసినారు."

"ఎవురికి చెప్పినారంట? గోడకా?" అంది భారతమ్మ.

"ఇంకోటుంది. ఒకరు మధ్యలో మానుకున్నారంట. నలభై మూడు."

జీవమ్మ లేచి నిలబడింది. "మానుకునిందా? సచ్చిపాయ కదప్పా!"

సంఘపెద్ద ఇస్సాకు గొంతు తగ్గించాడు. "పెద్దోళ్లతో మనకేల? పాలపొడి నిలిపేస్తారు."

"నిలపనీ. నీ కోడలికి సుద్ద పడింటే ఇట్లే అంటాంటివా ఇస్సాకూ?" అంది జీవమ్మ.



మరుసటి వారం కొత్త సీసాలతో జీపు మళ్లీ వచ్చింది. ఆడవాళ్లు వరుసగా నిలబడి బుద్ధిగా సీసాలు తీసుకున్నారు. ఆఖరి సీసా అందగానే భారతమ్మ చేట తెచ్చి నేల మీద పెట్టింది. ఒకరి వెనక ఒకరు మాత్రలన్నీ అందులో గుమ్మరించారు. జీవమ్మ కూర్చుని రెండు చేతులా కలిపేసింది.

"ఇప్పుడు చెప్పు సారూ, యాది మందో, యాది సుద్దో!"

"నా రెండేళ్ల పని!" అని అరిచాడు చక్రపాణి.

"నా చెల్లెలికి ఇరవై ఏండ్లు," అంది జీవమ్మ.

సాయంత్రానికి పోలీసులొచ్చి ఆమెనూ, పత్రిక చదివి చెప్పిన సంజీవయ్యనూ ఆళ్లగడ్డ స్టేషనుకు ఎత్తుకుపోయారు. మూడు పేటల ఆడవాళ్లూ నడిచి వెనకే వచ్చారు. ఎస్సై కాగితం ముందుకు తోశాడు.

"వెయ్, వేలిముద్ర."

జీవమ్మ బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"ముందు సదివి చెప్పు."

"నాకే చెప్తావే?" లాఠీ బల్ల మీద పడింది. బయట నుంచి గొంతులన్నీ ఒక్కటిగా లేచాయి. "సదివి చెప్పు! సదివి చెప్పు!"

జీవమ్మ ఎడం చేత్తో రొండిన ఉన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది లూదియాది. నలభై మూడు కాదు, లూదియా. ముందు ఆ పేరు రాసుకో."

ఎస్సై తలుపు మూయమన్నాడు. కానిస్టేబులు మూశాడు. కిటికీ అవతల పిడికిళ్లు లేచాయి. ఒక్కదానిలోనూ బొటనవేలు బయటికి లేదు.