ఎర్రగుడ్డ మూటలో ఇటలీ తాత

రాధాకుమారి నీలం ఫైలు పోగొట్టుకున్నది ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడింటి వేళ. రంగూన్‌లో చౌక్తడా పేటలో టాక్సీ ఎక్కి లతా పేటలో దిగింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచి. ఫైలు వెనక సీటు మీదే ఉండిపోయింది. గుర్తొచ్చి వెనక్కి తిరిగేసరికి టాక్సీ మలుపు దాటిపోయింది.

ఆ ఫైలు ఆమె భర్త సత్యప్రసాద్‌ది. ఆయన పోయి పదకొండున్నర నెలలైంది. అందులో ఆరేళ్ళ ఉత్తరాలున్నాయి. సత్యప్రసాద్ ముత్తాత ఇటలీవాడు. పాలరాయి పరిచే పనివాడనీ, నూరేళ్ళ కిందట ఓడలో రంగూన్ వచ్చి, తెలుగింటి అల్లుడై ఆ ఇంటిపేరే పెట్టుకున్నాడనీ ఇంట్లో చెప్పుకునేవారు. అందరికీ ఆయన ‘ఇటలీ తాత’. అసలు పేరు తెలిసినవాళ్ళు యుద్ధం రోజుల్లో నడకదారిన ఇండియాకు బయల్దేరి తిరిగి రాలేదు. కాగితాలు ఇంటితోపాటే కాలిపోయాయి. ఐరోపా నుంచి రంగూన్ వచ్చిన ఓడల జాబితాల్లో చూడమని సత్యప్రసాద్ జెనోవాకు రాశాడు, ఇంకా చాలా ఊళ్ళ పాత రికార్డుల ఆఫీసులకు రాశాడు. మర్యాదగానే జవాబులొచ్చాయి. అలాంటి మనిషి లేడన్నారు.

పోయినవారిని ఏడాది నాడు పై మూడు తరాలవారితో కలిపి పిండం పెట్టడం వాళ్ళింటి ఆచారం. తండ్రి, తాత, ముత్తాత, ముగ్గురి పేర్లూ చెప్పాలి. పేరు తెలియకపోతే ఊరికే ముత్తాత అనుకోవచ్చు, తప్పులేదన్నారు పూజారి మూర్తిగారు. తప్పులేదని రాధాకుమారికీ తెలుసు. కాని ఆ పేరు కోసం ఆరేళ్ళు వెతికిన మనిషిని పేరు లేనివాడి పక్కన కూర్చోబెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. ఏడాదికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

పూజ సామాను కోసం వచ్చింది కనుక భీమరాజు కొట్లోకి అడుగుపెట్టింది.

“ఏటి సయామా, మొకం అలాగున్నాది? క్లాసులో ఎవుడైనా సున్నా తెచ్చీసినాడా?” అన్నాడు భీమరాజు. ఆయన పిల్లలిద్దరూ ఆమె దగ్గరే లెక్కలు నేర్చుకున్నారు. ఊళ్ళో బర్మావాళ్ళు పంతులమ్మను పిలిచినట్టే ఆయనా ఆమెను సయామా అనే పిలుస్తాడు.

ఆమె జరిగింది చెప్పింది.

“టాక్సీ నంబరు సూసినారా?”

“లేదండీ.”

“అదేటండీ! నలభైమంది పిల్లలకి హాజరేస్తారు, ఒక్క టాక్సీకి ఎయ్యలేకపోయినారా?”

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు కాస్త ఆశ్చర్యపడింది కూడా.

లోపల పీట మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళేరుతున్న వీరలక్ష్మి తలెత్తింది. భీమరాజు తల్లి. ఎనభై ఆరేళ్ళుంటాయి.

“ఒలమ్మీ, ఆ ఫైల్లో ఏటున్నాదే?”

“ఇటలీ తాత సంగతులు పెద్దమ్మా. ఇటలీ నుంచి ఏ ఓడలో వచ్చాడో తెలుసుకుందామని మా ఆయన తెప్పించుకున్న ఉత్తరాలు.”

“ఇటలీ నించి ఇక్కడికి ఓడేటి? ఆడు విశాపట్నంలో కదేటి ఎక్కినాడు, మా తాత జట్టుతోటి!”

రాధాకుమారి సంచి కింద పెట్టింది.

“మా తాత మేస్త్రీ కదా,” అంది వీరలక్ష్మి, పప్పు చేట పక్కన పెట్టి. “రేవు పనికి మనుసుల్ని జట్టుకట్టి తెచ్చీవోడు. అందులో ఒక తెల్లోడుండీవోడట. అక్కడెవలో జమిందారు మేడకి పాలరాయి పరిసినాడట. పనైపోయినాక మనోళ్ళెనకాల ఓడెక్కీసినాడట. మన కూర తిని కళ్ళంట నీళ్ళెట్టుకునీవోడని మా అమ్మ సెప్పి నవ్వీది.”

“ఈ మాట మా ఆయనకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?”

“అడిగినాడేటి? ఎప్పుడొచ్చినా ఇటలీ, ఇటలీ అని ఇంగిలీసు కాయితాలు సూపించీవోడు. నాకేటి ఎరిక?”

భీమరాజు మెల్లగా దేవుడి గూటి వైపు చూశాడు. అక్కడ ఎర్రగుడ్డ మూట ఒకటుంది. అందులో ఉన్నవి మేస్త్రీగారి జట్టు పట్టీలు. ఏ ఓడలో ఎవరొచ్చారో, ఏ ఊరి నుంచో, ఎవరి కొడుకో రాసినవి. పెద్దాయన చేతి రాత అని ఏటా దసరాకు తక్కెడతోపాటు దానికీ పసుపూ కుంకుమా పెడతారు. పూజలో పెట్టినదాన్ని విప్పకూడదని అరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు. ప్రసాదానికి వచ్చిన ప్రతి దసరాకూ సత్యప్రసాద్ ఆ మూటకు దండం పెట్టాడు. పక్కన నిలబడి రాధాకుమారీ పెట్టింది.

“విప్పొచ్చా పెద్దమ్మా?” అని అడిగింది.

వీరలక్ష్మి చేతులకంటిన పప్పు దుమ్ము దులుపుకుంది. “రేపు తలకి పోసుకొని రా. సదవడానికే రాసినాడు మా తాత. పూజ మనం ఎట్టుకున్నదే.”

మర్నాడు కొడుకు శంకర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళింది. సేక్కాన్ రేవులో వాడికి గుమాస్తా పని. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ముడి విప్పగానే మడతల్లోంచి కుంకుమ రాలింది. రాధాకుమారి పెన్సిలు పట్టుకుని వరసన చదవసాగింది. బారువ, కళింగపట్నం, భీమిలి. ఒక్క పేరూ దాటెయ్యలేదు.

“ఆఫీసుకి ఆలస్యమౌతుందేమోరా,” అంది మధ్యలో.

“యబాదే అమ్మా, పరవాలేదు, లీవు పెట్టీసినాను. మెల్లగా చదువు,” అన్నాడు శంకర్.

నాలుగో పట్టీ చివర, గీత గీసి ముగించాక, కింద ఇంకొక్క పేరుంది. బడిలో ఏడాది మధ్యన చేరిన పిల్లవాడిని రాసినట్టు. ఆమె పైకి చదివింది.

“జొవాన్ని. తండ్రి బత్తిస్తా. ఊరు కరారా, ఇటలీ దేశం. పని పాలరాయి. ఓడ ఎక్కినది విశాఖపట్నం. దిగినది వెయ్యిన్ని తొమ్మిదివందల తొమ్మిది, నవంబరు పద్నాలుగు.”

“వారినీ! ఇన్నేళ్ళూ మా దేవుడి గూట్లోనే కూసున్నాడేటి?” అన్నాడు భీమరాజు. “ఎన్ని దసరాల కొబ్బరి ముక్కలు ఆరగించినాడో!”

“కారం లేదు కదా, తినుంటాడు,” అన్నాడు శంకర్. వీరలక్ష్మి పకపకా నవ్వింది.

రాధాకుమారి ఆ వరస తన నోట్‌బుక్‌లో రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుంది. ఇంటికెళ్ళగానే చెప్పాలనుకుంది. చెప్పవలసిన మనిషి ఎవరో తలపుకొచ్చి, నోట్‌బుక్ మూసింది.

ఏడాది నాడు మూర్తిగారు ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకుని, మూడో పేరు తడబడకుండా చెప్పారు. శంకర్ పిండాలు కలిపాడు. మెతుకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. భోజనాలకు భీమరాజు, వీరలక్ష్మి వచ్చారు. రాధాకుమారి ఆ పూట మారు అన్నం వడ్డించుకుంది.

చేతులు కడుక్కుంటూ శంకర్ అడిగాడు. “అమ్మా, ఆ బత్తిస్తాకి తెలిసిందంటావా, కొడుకు ఇక్కడున్నాడని?”

“తెలీదురా,” అంది. బత్తిస్తా ఇంటివాళ్ళెవరైనా ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారేమో ఉత్తరం రాసి అడగాలనుకుంది. పాలరాయి పనివాడు ఇక్కడ అల్లుడై, తాతై, చివరకు తనవాళ్ళలో కలిశాడని చెప్పాలి.

కరారాకు ఆ ఉత్తరం ఆమె ఇంకా రాయలేదు.